మాజినో లైన్ గోడ కాదు: భూమి కింది ఫిరంగి కోట ఎలా పనిచేసింది, ఎక్కడ చతికిలబడింది

2024 జనవరిలో ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా రక్షణ మంత్రులు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశారు. రష్యా, బెలారస్ సరిహద్దుల పొడవునా బంకర్లు, అడ్డంకులు కట్టుకోవాలన్నది దాని సారాంశం. ఎస్టోనియా ఒక్కటే దాదాపు 600 బంకర్లు కడతానంది. అదే ఏడాది మే నెలలో పోలండ్ కూడా తన తూర్పు సరిహద్దు కోసం వెయ్యి కోట్ల జ్లోటీల పథకం ప్రకటించింది. ఈ వార్తల మీద చర్చ నడిచిన ప్రతిచోటా ఒక మాట వినపడింది: ఇది మరో మాజినో లైన్ అవుతుందని.

మాజినో లైన్ గురించి చాలామందికి తెలిసిన కథ ఇంతే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఫ్రాన్స్ జర్మనీ సరిహద్దులో కోట్లు పోసి పెద్ద గోడ కట్టింది. జర్మన్లు దాని జోలికే వెళ్లకుండా పక్కనుంచి వచ్చేశారు. ఆరు వారాల్లో ఫ్రాన్స్ చేతులెత్తేసింది. పెట్టిన ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

ఈ కథలో ఆరు వారాల సంగతి నిజం. గోడ అన్నది నిజం కాదు. జర్మన్లు దాని జోలికే వెళ్లలేదన్నదీ నిజం కాదు. వెళ్లారు, కొన్నిచోట్ల గెలిచారు, పెద్ద కోటల దగ్గర మాత్రం గెలవలేకపోయారు. ఎక్కడ గెలిచారు, ఎక్కడ గెలవలేదు అన్నది చూస్తేనే ఇలాంటి కోట ఎందుకు పనికొస్తుందో, ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. దానికి ముందు ఆ కోట లోపలికి వెళ్లాలి.

గొలుసులో లంకెలు: ఊవ్రాజ్, కేస్‌మేట్, మధ్య దళాలు

మనకు కోట అనగానే గోల్కొండో గండికోటో కళ్ల ముందు మెదులుతుంది. ఎత్తు మీద, ఆమడ దూరం నుంచే కనపడేలా, చుట్టూ ప్రాకారంతో. మాజినో కోట దీనికి పూర్తిగా తిరగబడ్డ రూపం. ఎదురుగా నిలబడి చూస్తే గడ్డి పెరిగిన గుట్ట, కాస్త కాంక్రీటు, అక్కడక్కడా పుట్టగొడుగుల్లా పొడుచుకొచ్చిన ఉక్కు టోపీలు. అంతే. అసలు కోటంతా కింద ఉంటుంది.

ఫ్రెంచివాళ్లు దీన్ని ‘ఊవ్రాజ్’ అన్నారు, అంటే కట్టడం. ఇందులో రెండు రకాలు. ‘గ్రో ఊవ్రాజ్’ అంటే పెద్ద కట్టడం. ఇందులో ఫిరంగులుంటాయి, వందల మంది ఉంటారు, సొంత కరెంటు, సొంత నీళ్లు, వంటశాల, ఆసుపత్రి అన్నీ ఉంటాయి. ‘పెతీ ఊవ్రాజ్’ అంటే చిన్న కట్టడం. ఇందులో మెషీన్‌గన్లు, ట్యాంకుల్ని కొట్టే చిన్న తుపాకులు ఉంటాయి కానీ దూరం కొట్టే ఫిరంగులు ఉండవు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ముందుముందు ప్రాణాలు నిలిచిందీ పోయిందీ దీని మీదే.

ఈ కట్టడాల మధ్య ఖాళీల్లో విడిగా కాంక్రీటు గదులు కట్టారు. వాటిని కేస్‌మేట్లు అంటారు. ఇవి కాక బయట ఆరుబయట కందకాల్లో ఉండి, కట్టడానికీ కట్టడానికీ మధ్య నేలను కాపాడే మామూలు సైన్యం ఉండేది. వీళ్లు మధ్య దళాలు. అంటే మాజినో లైన్ ఎక్కడా ఏకబిగిన సాగే గోడ కాదు. ఈశాన్య సరిహద్దులో 22 గ్రో ఊవ్రాజ్‌లు, వాటి చుట్టూ చిన్నవి, మధ్య మధ్య మనుషులు: ఒకదానికొకటి తుపాకీ గుళ్లతో ముడిపడ్డ గొలుసు.

పేరు ఆంద్రే మాజినోది. మొదటి ప్రపంచ యుద్ధంలో సార్జెంటుగా వెర్డన్ ప్రాంతంలో గాయపడి, తర్వాత యుద్ధమంత్రి అయ్యారు. పథకానికి పునాది వేసింది ఆయనకు ముందు మంత్రిగా ఉన్న పాల్ పాన్‌లెవే. కానీ 1930 జనవరి 14న 290 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేస్తూ చట్టం వచ్చినప్పుడు కుర్చీలో ఉన్నది మాజినో, అందుకే పేరు ఆయనకు దక్కింది. 1932 జనవరిలో ఆయన చనిపోయేనాటికి కోటలు ఇంకా కడుతూనే ఉన్నారు.

అంత లోతుకు ఎందుకు వెళ్లారు

1914లో బెల్జియంలోని లియేజ్ కోటల మీద జర్మన్లు 420 మిల్లీమీటర్ల ఫిరంగులు తెచ్చి పేల్చారు. మిల్లీమీటర్ల లెక్క అంటే ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు. 420 అంటే దాదాపు మూరెడు. అలాంటి గుండు పడితే పాత కోటలు పగిలిపోయాయి. కానీ 1916లో వెర్డన్ దగ్గర ఇంకో పాఠం దొరికింది. దువోమోన్ కోట మీద వేలాది గుళ్లు పడ్డా దాని కాంక్రీటు గుండె చెక్కుచెదరలేదు. ఆ కోట ఫిబ్రవరి 25న జర్మన్ల చేతికి పోవడానికి కారణం కాపలాకు సరిపడా మనుషుల్ని ఉంచకపోవడం. పక్కనే ఉన్న వో కోట జూన్‌లో లొంగిపోయింది, కారణం దాహం. నీళ్లు అయిపోయాయి.

ఈ మూడు పాఠాలూ మాజినో కట్టడాల్లో కనిపిస్తాయి. గ్రో ఊవ్రాజ్ పైకప్పు మందం మూడున్నర మీటర్ల కాంక్రీటు, లెక్క వేసిందే 420 మిల్లీమీటర్ల గుండును తట్టుకోవాలని. శత్రువు వైపు గోడలూ అంతే. వెనక వైపు, అంటే ఫ్రాన్స్ వైపు గోడలు మాత్రం దాదాపు సగం, 1.75 మీటర్లు. వెనకనుంచి ఎవరూ కొట్టరన్న నమ్మకం అది. నీళ్లు లోపలే. గేటు ముందు భాగంలో కాకుండా చాలా వెనక, అడవిలోనో గుట్ట చాటునో. గేటు నుంచి ఫిరంగుల దాకా భూమి కింద సొరంగం.

రెండో భయం మనుషుల లెక్క. మొదటి యుద్ధంలో ఫ్రాన్స్ దాదాపు 14 లక్షల మంది సైనికుల్ని పోగొట్టుకుంది. దేశ జనాభా 4 కోట్లు, జర్మనీది 6 కోట్లకు పైమాటే. యుద్ధకాలంలో పుట్టాల్సిన పిల్లలు పుట్టలేదు. 1915లో పుట్టని పిల్లవాడు 1935లో సైన్యంలో చేరలేడు కదా. ఆ ఏడాది నుంచి రంగరూట్ల సంఖ్య బాగా పడిపోతుందని ఫ్రాన్స్‌కు ముందే తెలుసు. దీనికి తోడు సైన్యాన్ని పూర్తిగా కూడగట్టడానికి వారాలు పడుతుంది. 1918లో తిరిగొచ్చిన అల్సాస్, మొజెల్ ప్రాంతాలు, అక్కడి ఇనుప గనులు సరిహద్దుకు ఆనుకుని ఉన్నాయి. ఆ కొద్ది వారాలూ తక్కువ మందితో తలుపు మూసి ఉంచాలి. కోటలు కట్టింది ఆ పనికి.

నా ఉద్దేశంలో ఈ మొత్తం వ్యవహారంలో ముఖ్యమైన వాక్యం ఇదే. కోట పని యుద్ధం గెలవడం కాదు, ఒక దారి మూయడం. దాన్ని కట్టినవాళ్లు అడిగింది అదే.

హాకెన్‌బర్గ్ లోపల: ఒక గుండు ప్రయాణం

మొజెల్ ప్రాంతంలో వెక్రింగ్ అనే ఊరి దగ్గర హాకెన్‌బర్గ్ ఉంది. మాజినో లైన్‌లో అతి పెద్ద కట్టడం ఇదే. భూమి కింద దాదాపు 10 కిలోమీటర్ల సొరంగాలు, వెయ్యి మందికి పైగా సిబ్బంది. ఇంత పెద్ద కోట ఎలా నడిచేదో తెలియాలంటే ఒక 75 మిల్లీమీటర్ల గుండు వెంట నడవడం తేలిక.

గుండు ముందు మందుగుండు ద్వారం దగ్గరికి వస్తుంది. మనుషులు రావడానికి వేరే ద్వారం ఉంది. మందుగుండు పేలితే మనుషుల దారి మూసుకుపోకూడదు కదా. లోపల 60 సెంటీమీటర్ల వెడల్పు పట్టాల మీద చిన్న కరెంటు రైలు ఆగి ఉంటుంది. పైన తీగ, తీగకు ఆనుకున్న కడ్డీ, అచ్చం పాతకాలం ట్రామ్ బండి. ద్వారానికి కాస్త లోపల పెద్ద గిడ్డంగి. దానికి ‘ఎం-1’ అని పేరు. గుళ్లు ఇనుప అరల్లో పేర్చి ఉంటాయి. అవసరమైనప్పుడు ఆ అరను అరగానే కదుపుతారు, గుండును విడిగా చేత్తో మోయరు. పైకప్పుకు బిగించిన పట్టాకు వేలాడదీసి, తోసుకుంటూ రైలెక్కిస్తారు.

రైలు సొరంగంలో వెళ్లి ఫిరంగి బ్లాకు అడుగున ఆగుతుంది. బ్లాకు అంటే నేల పైకి తేలే భాగం. ఒక్కో కోటకు ఇలాంటివి చాలా ఉంటాయి, వేళ్లలా చెదిరి. ఒక వేలు తెగినా చెయ్యి పనిచేస్తుంది. బ్లాకు అడుగున రెండో గిడ్డంగి ‘ఎం-2’. అక్కడి నుంచి లిఫ్టులో పదుల మీటర్లు పైకి. పైన ఫిరంగి పక్కనే మూడోది, చిన్నది, ‘ఎం-3’. అక్కడ గుండును చేత్తో అందుకుని ఫిరంగిలో పెడతారు.

కాల్చాక ఇత్తడి తొడుగు మిగులుతుంది. అది వేడిగా, విషపు పొగతో ఉంటుంది. గదిలోనే వదిలితే కాసేపటికే ఊపిరాడదు. అందుకని ఫిరంగి వెనకే ఒక గొట్టం పెట్టారు, తొడుగు అందులో పడి జారుకుంటూ కిందికి పోతుంది. ఎవరో ఒక ఇంజినీరు కాగితం ముందు కూర్చుని ఈ పొగ గురించి కూడా ఆలోచించాడన్నమాట. నాకు ఈ కోటల్లో అన్నిటికంటే నచ్చేది ఇలాంటి వివరాలే.

ఇంత ఏర్పాటు అవసరమా అని అడగొచ్చు. లెక్క వేద్దాం. అల్సాస్‌లోని షోనెన్‌బుర్గ్ కోట 1939 సెప్టెంబరు నుంచి 1940 జూన్ దాకా 75 మిల్లీమీటర్ల గుళ్లు 15 వేలకు పైగా కాల్చింది. ఒక్కో గుండు ఆరు కిలోలే అనుకున్నా 15,000 ఆరులు 90,000 కిలోలు. 90 టన్నులు, అదీ తొడుగు, మందు కలపకుండా. ఇందులో ఎక్కువ భాగం చివరి రోజుల్లోనే కాల్చారు. లిఫ్టులూ అరలూ లేకుండా మనుషులు మెట్ల మీద మోసే పని కాదు అది.

పైకి లేచి, తిరిగి, దిగిపోయే బురుజు

75 మిల్లీమీటర్ల ఫిరంగులు రెండేసి ఒక ఉక్కు బురుజులో ఉంటాయి. 1933 నమూనా బురుజు బరువు 265 టన్నులు. కాల్చనప్పుడు అది నేలలోకి దిగిపోయి, పైన మందపాటి ఉక్కు మూత మాత్రమే కనపడుతుంది. కాల్చేటప్పుడు పైకి లేస్తుంది. అంత బరువును ఎలా లేపుతారంటే, రెండో వైపు సమానమైన బరువు కట్టి. బావి దగ్గర ఏతం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. కరెంటు పోయినా చేత్తో చక్రం తిప్పి లేపగలిగేలా చేశారు.

ఈ బురుజు చుట్టూ తిరుగుతుంది, పూర్తిగా 360 డిగ్రీలు. మాజినో ఫిరంగులు జర్మనీ వైపే చూసేవి, వెనక్కి తిరగలేవు అని ఇప్పటికీ చాలాచోట్ల రాస్తుంటారు. గోడలోని కంత గుండా కాల్చే కేస్‌మేట్ ఫిరంగుల విషయంలో అది నిజమే. బురుజుల విషయంలో నిజం కాదు.

లోపల ఫిరంగి పేల్చేవాళ్లకు బయట ఏముందో కనపడదు. చూసేవాళ్లు వేరే, పుట్టగొడుగు టోపీల్లో కూర్చుని, సన్నని కంతల్లోంచి, పెరిస్కోపుల్లోంచి. వాళ్లు ఫోనులో చెప్పింది కింద కమాండు గదిలో పటం మీద లెక్క కడతారు. ఆ లెక్క ఓడల్లో వాడే డయల్ లాంటి పరికరం మీద బురుజులోకి చేరుతుంది. ముల్లు ఏ అంకె మీద నిలిస్తే ఫిరంగిని అటు తిప్పాలి. హోరులో అరుచుకునే పని లేదు.

ఓడ పోలిక ఇక్కడితో ఆగదు. కోటలోని మనుషుల్ని ఫ్రెంచివాళ్లు ‘ఎకిపాజ్’ అనేవారు, ఓడ సిబ్బంది అన్న మాట. పని మూడు వంతులు: ఒక వంతు విధుల్లో, ఒక వంతు పిలిస్తే వచ్చేలా సిద్ధంగా, ఒక వంతు నిద్రలో. ఫిరంగిదళం, పదాతిదళం, ఇంజిన్లు నడిపే ఇంజినీరు దళం ఒకే కప్పు కింద. బయట కరెంటు తెగితే డీజిల్ ఇంజిన్లు. విషవాయువు వస్తే గాలిని బొగ్గు వడపోతల గుండా పంపి, లోపలి గాలి ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంచేవారు, బయటి వాయువు సందుల్లోంచి చొరబడకుండా. ఏడాదంతా 12, 13 డిగ్రీల చలి, గోడలకు చెమ్మ. పగలూ రాత్రీ తేడా తెలియని జీవితం. టోపీ బిళ్ల మీద రాసుకున్న మాటకు అర్థం: దాటి పోనివ్వం.

లా ఫెర్తే: పక్క కోట అందనంత దూరంలో ఉంటే

ఇంత కట్టుదిట్టమైన కోటకు ఒక బలహీనత ఉంది. దాని నెత్తిన ఎవరైనా ఎక్కి కూర్చుంటే అది తనను తాను కాపాడుకోవడం కష్టం. తన బురుజు మీదకు పాకి వచ్చిన మనిషిని ఆ బురుజులోని ఫిరంగి కాల్చలేదు.

దీనికి మందు పక్క కోట. శత్రువు మన పైకప్పు మీదకు ఎక్కగానే పక్క కోటకు ఫోను చేస్తాం, నా నెత్తి మీద కాల్చమని. వాళ్లు 75 మిల్లీమీటర్ల గుళ్లు మన పైకప్పు మీదే కురిపిస్తారు. మూడున్నర మీటర్ల కాంక్రీటు కింద ఉన్న మనకు ఏమీ కాదు, పైన ఆరుబయట ఉన్న శత్రువు మాత్రం నిలవలేడు. మాజినో లైన్ బలమంతా ఈ ఏర్పాటులోనే ఉంది.

అది అందకపోతే ఏమవుతుందో 1940 మేలో లా ఫెర్తేలో తెలిసింది. సెడాన్‌కు ఆగ్నేయంగా, లైన్ పడమటి కొసన ఉన్న పెతీ ఊవ్రాజ్ అది. రెండు బ్లాకులు, లోతుగా వాటిని కలిపే సొరంగం, లెఫ్టినెంట్ బుర్గిన్యోన్ కింద వంద మందికి పైగా సైనికులు. సొంత ఫిరంగులు లేవు. సాయం చేయాల్సిన ఫిరంగి ల షెనువా కోటది, దాని గుళ్లు తమ చివరి దూరంలో మాత్రమే ఇక్కడికి చేరతాయి. పక్క గుట్ట మీది మధ్య దళాల్ని జర్మన్లు వెనక్కి నెట్టేశారు.

మే 18న భారీ ఫిరంగుల దాడిలో రెండో బ్లాకు బురుజు పైకి లేచిన స్థితిలోనే బిగుసుకుపోయింది. కిందికి దిగలేదు. సాయంత్రం జర్మన్ పేలుడు దళం పాక్కుంటూ వచ్చి, ఆ సందులోంచి పేలుడు పదార్థాలు లోపలికి వేసింది. తర్వాత ఒకటో బ్లాకుకూ అదే గతి. మంటలు అంటుకున్నాయి, పొగ కిందికి పాకింది. బతికినవాళ్లు ముసుగులు తగిలించుకుని లోతు సొరంగంలోకి దిగారు. అక్కడ గాలి చాల్లేదు. మే 19 తెల్లవారి కల్లా లోపలున్నవాళ్లలో ఒక్కరూ బతకలేదు.

ఈ కథను కోటల వైఫల్యానికి ఉదాహరణగా చెప్పడం నేను చాలాసార్లు చూశాను. అది ఆ మనుషులకు అన్యాయం అనిపిస్తుంది. కాంక్రీటు పగిలి చనిపోలేదు వాళ్లు. గొలుసులో లంకె తెగినచోట ఒంటరిగా మిగిలి చనిపోయారు.

దీనికి ఎనిమిది రోజుల ముందే బెల్జియంలో ఇంకో పెద్ద కోట పడింది. ఎబెన్-ఎమాయెల్ మాజినో లైన్‌లోది కాదు, ఆల్బర్ట్ కాలువ మీద బెల్జియం కట్టుకున్నది. ఈ రెంటినీ చాలామంది కలిపేస్తుంటారు. మే 10 తెల్లవారుజామున కొద్దిమంది జర్మన్ సైనికులు ఇంజిన్ లేని గ్లైడర్లలో సరిగ్గా దాని పైకప్పు మీద దిగారు. చదునైన విశాలమైన పైకప్పు, దాని మీద మందుపాతర్లు లేవు, ముళ్లకంచె లేదు. ఉక్కును ఒకే బిందువు దగ్గర తొలిచే కొత్తరకం పేలుడు పదార్థాలతో బురుజుల్ని ఒక్కొక్కటే పాడుచేశారు. మర్నాడు కోట లొంగిపోయింది. అక్కడా నెత్తి మీదే దెబ్బ.

షోనెన్‌బుర్గ్: గొలుసు నిలిచినచోట

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. అల్సాస్‌లో హున్స్‌పాక్ ఊరి దగ్గరున్న షోనెన్‌బుర్గ్ గ్రో ఊవ్రాజ్‌లో 600 మందికి పైగా ఉన్నారు. 75 మిల్లీమీటర్ల బురుజులు రెండు, 81 మిల్లీమీటర్ల మోర్టారు బురుజు ఒకటి, సొరంగాలు 18 నుంచి 30 మీటర్ల లోతున.

1940 జూన్ మధ్య నాటికి పరిస్థితి పూర్తిగా చెడింది. ఉత్తరాన ఫ్రెంచి సైన్యం కుప్పకూలడంతో జూన్ 13 నుంచి మధ్య దళాలను వెనక్కి పిలిచారు. కోటల్లో సిబ్బంది మాత్రం మిగిలారు. జూన్ 14న జర్మన్లు సార్ నది వైపు, ఆ మర్నాడు రైన్ నది దాటి దాడి మొదలుపెట్టారు. రెండూ పెద్ద కోటలు లేని చోట్లే. జూన్ 17న జర్మన్ జనరల్ గుడేరియన్ ట్యాంకులు స్విట్జర్లాండ్ సరిహద్దు చేరాయి. మాజినో లైన్‌కు వెనక దారి మూసుకుపోయింది.

జూన్ 19 నుంచి షోనెన్‌బుర్గ్ మీద స్టూకా విమానాలు బాంబులు వేశాయి. తర్వాత 420 మిల్లీమీటర్ల ఫిరంగిని తెచ్చి కొట్టారు. కోట ఏ గుండును తట్టుకోవాలని లెక్క వేసి కట్టారో సరిగ్గా ఆ కొలత గుండే దాని మీద పడింది. కాంక్రీటు పెచ్చులూడింది, నేల గుంటలు పడింది, లోపలి గోడలు వణికాయి. బురుజులు మాత్రం దెబ్బకూ దెబ్బకూ మధ్య లేచి కాలుస్తూనే ఉన్నాయి. తమ కోసమే కాదు, పక్క కేస్‌మేట్ల మీదకు వచ్చినవాళ్ల కోసమూ.

జూన్ 25న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చేనాటికి కోట ఫ్రెంచి చేతుల్లోనే, పనిచేసే స్థితిలోనే ఉంది. ఫ్రెంచి హైకమాండ్ ఆదేశం వచ్చాకే, జూలై 1న సిబ్బంది దాన్ని అప్పగించి ఖైదీలుగా బయటికి నడిచారు. మొత్తం ఈశాన్య సరిహద్దులో ఒక్క గ్రో ఊవ్రాజ్‌ను కూడా జర్మన్లు దాడి చేసి పట్టుకోలేదు. పట్టుకున్నవి బాంబెష్, కెర్‌ఫాన్ లాంటి చిన్నవి. అవి కూడా ఎక్కువగా వెనకనుంచి, పలచని గోడ మీద 88 మిల్లీమీటర్ల ఫిరంగితో సూటిగా కొట్టి. ఆల్ప్స్ పర్వతాల్లో ఇటలీ దాడిని అక్కడి కోటలు సరిహద్దు దగ్గరే నిలిపాయి.

అయితే ఫ్రాన్స్ ఎందుకు ఓడింది: మూడు వాదనలు

మొదటి వాదన డబ్బుది. ఈ కాంక్రీటుకు పోసిన డబ్బుతో ట్యాంకులు, విమానాలు కొనుంటే బాగుండేదని. 1930లో అనుకున్న 290 కోట్ల ఫ్రాంకుల ఖర్చు 1930ల నడుమకు 500 కోట్ల దాకా పెరిగిన మాట నిజం. కానీ కాలం చూడాలి. కోటల ఖర్చు ప్రధానంగా 1930-36 మధ్యది. 1936లో ఫ్రాన్స్ ప్రకటించిన ఆయుధ కార్యక్రమం ఒక్కటే 1,400 కోట్ల ఫ్రాంకులది. 1940లో ఫ్రాన్స్ దగ్గర ట్యాంకులు జర్మనీకంటే తక్కువేమీ లేవు, వాటిని నడిపిన తీరులో తేడా ఉంది. 1931లో ట్యాంకులు కొనుంటే 1940 నాటికి అవి పాతబడేవి కూడా. అందుకే ఈ వాదన నాకు బలహీనంగా కనిపిస్తుంది.

రెండోది: లైన్‌ను సముద్రం దాకా ఎందుకు కట్టలేదు? బెల్జియం 1920 నుంచి ఫ్రాన్స్‌కు సైనిక మిత్రదేశం. మిత్రుడి ముఖం మీద తలుపు వేసినట్టు ఆ సరిహద్దులో కోటలు కడితే ఎలా? పైగా ఫ్లాండర్స్‌లో కాస్త తవ్వితే నీళ్లు, లీల్ చుట్టూ ఊళ్లు, ఫ్యాక్టరీలు. అసలు ఫ్రాన్స్ ఆలోచనే వేరు: తూర్పున కోటలు తలుపు మూస్తాయి, జర్మనీ బెల్జియం మీదుగా రాక తప్పదు, మన మంచి సైన్యం అక్కడికి వెళ్లి ఎదుర్కొంటుంది. 1936లో బెల్జియం తటస్థతకు మళ్లడంతో ఈ లెక్క తప్పింది, కొత్త లెక్క వేసేంత సమయం, డబ్బు దొరకలేదు. మధ్యలో ఆర్డెన్ అడవి ఉంది. సరైన ఏర్పాట్లు చేస్తే దాన్ని దాటలేరని 1934లో మంత్రిగా ఉన్న మార్షల్ పెతాన్ చెప్పారు. ఏర్పాట్లు మాత్రం సరిగ్గా జరగలేదు. 1940 మే 13న జర్మన్లు మ్యూజ్ నది దాటింది అక్కడే, సెడాన్ దగ్గర.

అంటే జర్మన్లు పక్కనుంచి రావడం కోట పని చేయకపోవడం వల్ల కాదు, చేయడం వల్ల. శత్రువును పక్క దారి పట్టించడమే దాని ఉద్దేశం. ఆ పక్క దారిలో ఎదుర్కోవాల్సిన సైన్యం తప్పుడు చోట ఉంది.

మూడో వాదనను నేను తోసిపుచ్చలేను. కోటల వల్ల మనుషులు మిగలాలి కదా. మరి మిగిలారా? లైన్‌కు ఎదురుగా జర్మనీ ఉంచింది 19 డివిజన్లు. ఫ్రాన్స్ లైన్ వెనక ఉంచింది 30కి పైగా. తక్కువ మందితో కాపాడేందుకు కట్టిన చోట ఎక్కువ మందిని పెట్టారు, సెడాన్ దగ్గర మాత్రం వయసు మళ్లిన రిజర్వు దళాలను వదిలేశారు. దీనికి సమర్థకుల జవాబు ఒకటుంది: స్విట్జర్లాండ్ మీదుగా జర్మనీ వస్తుందేమోనన్న భయం, సార్ వైపు ఖాళీలు ఉన్నందున ఆ బలగం అవసరమైందని. ఆ భయం నిజమే. అయినా ఇంటికి గట్టి తాళం వేసి, ఇంటిల్లిపాదీ ఆ తాళం దగ్గరే కాపలా కూర్చున్నట్టయింది.

కోటల వల్ల సైన్యానికీ జనానికీ ఒకరకం నిశ్చింత అలవాటైందని, కదలని యుద్ధమే యుద్ధమన్న ధోరణి పెరిగిందని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ ధోరణి ఉన్నమాట నిజం. కానీ అది కోటలకు ముందే, 1916లోనే మొదలైందని నా అభిప్రాయం. కోటలు దాని ఫలితం.

1944: వెనక గోడ మీద అమెరికన్ ఫిరంగి

నాలుగేళ్ల తర్వాత హాకెన్‌బర్గ్ జర్మన్ల చేతిలో ఉంది. 1944 నవంబరులో అమెరికా 90వ పదాతి డివిజన్ మొజెల్ నది దాటి అటుగా వచ్చినప్పుడు, ఎనిమిదో బ్లాకులోని మూడు 75 మిల్లీమీటర్ల ఫిరంగుల్ని జర్మన్లు దాని మీద ప్రయోగించారు. చిన్న ఫిరంగులతో కొట్టినా బ్లాకు లొంగలేదు. చివరికి 155 మిల్లీమీటర్ల చక్రగొలుసు ఫిరంగిని దగ్గరికి తెచ్చి, ఫిరంగి కంతలున్న ముఖం మీద సూటిగా, ఒకే చోట మళ్లీ మళ్లీ కొట్టారు. అది పలచన వైపు. కాంక్రీటు విరిగి, లోపలి ఇనుప కడ్డీలు జడలా వేలాడాయి. ఫిరంగులు ఆగిపోయాయి. ఆ గాయం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇప్పుడు కడుతున్నవి ఏ కోవలోవి

ఎస్టోనియా ప్రణాళికలోని ఒక్కో బంకరు దాదాపు 35 చదరపు మీటర్లు, మన లెక్కలో 42 గజాలు. పది మంది పడతారు. 152 మిల్లీమీటర్ల గుండు తగిలినా నిలిచేలా కట్టాలన్నది లక్ష్యం. సొంత ఫిరంగి లేదు, రైలు లేదు, లిఫ్టు లేదు. పైకప్పు మీద దూసుకొచ్చి పడే డ్రోన్లు, గురి తప్పని బాంబులు ఉన్న కాలంలో వెయ్యి మందిని ఒకే గుట్ట కింద పెట్టడానికి ఎవరూ ముందుకు రారు. గ్రో ఊవ్రాజ్‌కు ఇవి వారసులు కావు. పోలిస్తే మాజినో లైన్‌లోని మధ్య దళాల కందకాలతో, కేస్‌మేట్లతో పోల్చాలి.

కాబట్టి వీటి గురించి అడగాల్సిన ప్రశ్న గోడ ఎంత మందం అన్నది కాదు. ఒక బంకరు నెత్తిన శత్రువు ఎక్కితే పక్కనుంచి కాల్చగలిగేది ఎవరు, ఎంత దూరంలో ఉన్నారు, ఫోను కలుస్తుందా అన్నవి. రెండోది, వీటి వల్ల మిగిలిన సైన్యాన్ని ఎక్కడ ఉంచబోతున్నారు అన్నది. మొదటి ప్రశ్నకు లా ఫెర్తేలో జవాబు దొరకలేదు, రెండోదానికి సెడాన్‌లో.

హాకెన్‌బర్గ్‌ను ఇప్పుడు ఒక స్వచ్ఛంద సంఘం చూసుకుంటోంది. సందర్శకుల్ని అదే 60 సెంటీమీటర్ల పట్టాల మీద, అదే కరెంటు రైలులో లోపలికి తీసుకెళ్తారు. పాత ‘ఎం-1’ గిడ్డంగిలో మ్యూజియం ఉంది. ఒక బ్లాకు దగ్గర అందరినీ నిలబెట్టి బురుజును నడిపి చూపిస్తారు. గడ్డిలోంచి ఉక్కు మూత మెల్లగా పైకి లేస్తుంది, ఒక చుట్టు తిరుగుతుంది, మళ్లీ నేలలోకి దిగిపోతుంది.